మెల్లకన్ను

ఫిరంగి గుండు మళ్లీ నీళ్లలోనే పడింది.

టీకొట్టు బెంచీ మీదున్నవాళ్లంతా గొల్లుమన్నారు.

"మెల్లకన్ను కాలుస్తున్నప్పుడు అన్నిటికన్నా భద్రమైన చోటు ఏదో తెలుసా?" అంది టీకొట్టు పిన్ని గ్లాసులు కడుగుతూ. "ఆ పీపాల పక్కనే. చాప పరుచుకుని హాయిగా పడుకోవచ్చు."

ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుకదిబ్బ మీద సున్నం కొట్టి నిలబెట్టిన పాత ఇనుప పీపాలవి. సైన్యం ఫిరంగుల సాధనకు గురి అవే. దిబ్బకు ఇటువైపంతా ముళ్లకంచె. అటువైపు నీళ్లలో లంగరేసి వదిలిన, వరుసగా తేలే ఎర్ర బుడ్లు. అక్కడితో సైన్యం హద్దు సరి.

ఈ ఏడాది ఫిరంగి దగ్గర కూర్చున్న పెద్దాయన గుండ్లు మాత్రం దిబ్బ మీంచి దూకి, బుడ్లు దాటి, సముద్రంలో పడేవి. మనిషి కళ్లు చక్కగానే ఉంటాయి. అయినా పిన్ని పెట్టిన పేరే ఖాయమైపోయింది.

బెంచీ మీద నవ్వని మనిషి ఒక్కతే. అటవీశాఖ పెట్టిన పక్షుల గార్డు.

ఆ పీపాల చుట్టూ, ఉత్త ఇసుకలోనే, నల్లటోపీ పెట్టుకున్నట్టుండే తెల్లపిట్టలు గుడ్లు పెడతాయి. వాటి గుడ్డు ముట్టుకున్నా జైలే. కంచె లోపల మాత్రం ఆ చట్టం చెల్లదు. దేశరక్షణ పని కదా, మినహాయింపు ఇచ్చారు. గార్డు కంచె బయట తిరుగుతూ కుక్కల్ని తరమాలి. లోపల ఫిరంగి పేలితే చెవులు మూసుకోవాలి. అదీ ఉద్యోగం.

పోయిన ఏడాది ఒక్క పిల్లా మిగల్లేదు. ఈసారి దిబ్బంతా పిల్లలే. రాళ్లేసి కుక్కల్ని తరిమి తరిమి వాటిని తనే నిలబెట్టుకున్నానని ఆమె నమ్మకం.

కాల్పులయ్యాక పెద్దాయన టీకి వచ్చాడు. వచ్చినప్పుడల్లా అడిగేదే మళ్లీ అడిగాడు.

"పిల్లలకు రెక్కలొచ్చాయా అమ్మా?"

ఆమెకు ఒళ్లు మండింది.

"ఎందుకండీ? కదలని పీపానే కొట్టలేకపోతున్నారు, ఎగిరేవాటిని కొడతారా?"

బెంచీ మళ్లీ గొల్లుమంది. ఆయనా నవ్వాడు. తాగిన గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లిపోయాడు.

"పెద్దమనిషిని పట్టుకుని అంత మాటెందుకే?" అంది పిన్ని.

"పేరు పెట్టింది నువ్వేగా పిన్నీ," అని లేచింది గార్డు.

ఆ రోజే ఆఫీసులో ఆమెకు ఒక ఆలోచన తట్టింది.

"సార్, కంచె లోపల మన చట్టం చెల్లదు, సరే. బయట?"

"బయట మనదే."

"ఎర్ర బుడ్లు దాటి పడితే?"

ఆఫీసరు కళ్లద్దాలు తీశాడు. "పడుతున్నాయా?"

"అన్నీ అక్కడే పడుతున్నాయి సార్."

మళ్లీ కాల్పులు జరిగినప్పుడు ఆమె గట్టున నిలబడి ఫోనులో అంతా వీడియో తీసింది. బుడ్లు అవతల నీళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి పడటం స్పష్టంగా కనిపించింది. ఆఫీసరు దాన్ని పైకి పంపాడు.

"ఈ దెబ్బతో కాల్పులే ఆగిపోతాయి," అన్నాడు. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

కొద్దిరోజులకు ఆఫీసరే కబురు చెప్పాడు.

"సైన్యం తప్పు ఒప్పుకుందమ్మా. గురి లేని ఆ మనిషిని తీసేశారట. ఇకమీదట ఒక్క గుండు కూడా హద్దు దాటదని మాటిచ్చారు."

"మరి కాల్పులు?"

"అవి లోపలివి కదా," అన్నాడు ఆయన, ఆమె మొహం చూడకుండా.

ఆమె దిబ్బ దగ్గరికి తిరిగొచ్చేసరికి పెద్దాయన పెట్టె పక్కన పెట్టుకుని కంచె గేటు బయట జీపు కోసం నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి పలకరించాడు.

"పిల్లలకు రెక్కలొచ్చాయా అమ్మా?"

ఈసారి వెటకారం రాలేదు ఆమెకు. "ఇంకా లేదండీ. ఇప్పుడిప్పుడే నడుస్తున్నాయి."

"ఇంకా లేదా," అన్నాడు. దిబ్బవైపు చాలాసేపు చూశాడు. జీపు డ్రైవరు హారన్ కొడితే గానీ కదల్లేదు.

ఉద్యోగం పోయిన దిగులనుకుంది ఆమె.

మర్నాడే ఎర్రజెండా లేచింది. సైరన్ మోగింది. ఫిరంగి దగ్గర కొత్త మనిషి.

మొదటి గుండుకే పీపాలు ఎగిరిపోయాయి. రెండోది అదే గుంటలో పడింది. మూడోదీ అక్కడే.

తెల్లపిట్టలు ఒక్కసారిగా మబ్బులా లేచి, దిబ్బ మీద అరుస్తూ గిరగిరా తిరిగాయి. పెద్దవే లేచాయి.

పొగ తగ్గాక ఒక్కొక్కటే దిగి, ఇసుకలో ఇటూ అటూ వెతుక్కుని, మళ్లీ లేస్తున్నాయి.

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. పిన్ని పొయ్యి కట్టేసింది.

గార్డు కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపలినుంచి సెంట్రీ వచ్చాడు.

"చెయ్యి తియ్యండమ్మా, ముళ్లు గుచ్చుకుంటాయి."

తియ్యలేదు.

"ఎవరు నేర్పారు వీడికి ఇంత గురి?" అంది.

"వీడికేంటి, ఇక్కడ మా అందరికీ ఒక్కరే గురువు. ఆయన కళ్లు మూసుకుని కాల్చినా చెప్పిన చోటే పడేది." సెంట్రీ గొంతు తగ్గించాడు. "ఈ ఏడాది పిట్టలు దిగిన దగ్గర్నుంచీ ఫిరంగి ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. తనే కాలుస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. ముసలాయనకు చూపు తగ్గిందేమో అనుకున్నాం మేం కూడా."

ఆమె చెయ్యి కంచె మీంచి జారింది.

"నిన్న మీ ముందే జీపెక్కాడే, ఆయనే," అన్నాడు సెంట్రీ.