ఖాళీ స్థలం ఫొటో

“గది ఎందుకు కట్టారమ్మా?” అని అడిగాడు ఆఫీసరు.

పళ్ళూ కూరగాయలూ కుళ్ళిపోకుండా కోల్డ్ స్టోరేజీలు కట్టుకోండి బాబూ, సగం ఖర్చు మేం పెట్టుకుంటామని పిలిచి మరీ సబ్సిడీ ఇచ్చే ఆఫీసు నుంచి వచ్చిన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదిది. అడిగాడు మరి. ద్రాక్షతోట ఆవిడ, మీరే కట్టుకోమన్నారు కదా సార్ అంది.

కట్టుకోమన్నారు, కానీ ఎప్పుడు? ఆయన ఫైలు విప్పి రూలు చూపించాడు. ముందు దరఖాస్తు పెట్టాలి. తర్వాత ఆఫీసరు వచ్చి ఖాళీ స్థలం చూసి ఫొటో తియ్యాలి. ఆ ఫొటో పైకి వెళ్ళి, మంజూరయ్యాకే మొదటి ఇటుక పడాలి. ముందే కట్టేసుకున్నవాళ్ళకి సబ్సిడీ లేదు. ఆయన ఇవాళ వచ్చింది ఖాళీ స్థలం చూడ్డానికి. తీరా వచ్చి చూస్తే ఎదురుగా తెల్లటి గది, గోడకి బిగించిన పెద్ద ఫ్యాను, గుమ్మం పక్కన స్టూలు మీద ఆవిడ అత్తగారు.

“దరఖాస్తు పెట్టి పద్నాలుగు నెలలైంది సార్. మీ ఫైలు ఎక్కడుందో ద్రాక్షకి తెలీదు కదా, దాని పాటికి అది పండింది.”

ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. ఆవిడకి నవ్వే ఓపిక లేదు. గోడలైతే ఇంటిల్లిపాదీ కష్టపడి లేపుకున్నారు. గదిని చల్లబరిచే యంత్రం మాత్రం కంపెనీవాడిది. సబ్సిడీ మంజూరైన కాగితం చూపిస్తే ఉంచుతాడు, లేకపోతే ఈ నెలాఖరుకి విప్పి పట్టుకుపోతాడు. యంత్రం పోయిన వారానికి లోపలున్న పంటంతా పెంటకుప్పకే. ఇదంతా ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన విన్నంతసేపూ విని, రూలు రూలే కదమ్మా అని నసిగాడు.

“రాసేది ఎలాగూ రాస్తావు నాయనా,” అంది అత్తగారు. “ఇంత దూరం వచ్చావు, లోపలికెళ్ళి చూసి రాయి.”

పెద్దావిడ మాట కొట్టెయ్యలేక సరేనన్నాడు. తలుపు జానెడు మందం ఉంది. కోడలు రెండు చేతులా పట్టి లాగితే గానీ రాలేదు. వేలాడుతున్న ప్లాస్టిక్ పట్టీలు పక్కకి నెట్టుకుంటూ ఆయన లోపల అడుగుపెట్టాడు. బయటేమో రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల ఆయన నోట్లోంచి పొగ వచ్చింది. అనుమానమొచ్చి మళ్ళీ ఊదాడు, మళ్ళీ వచ్చింది. అంత పెద్దమనిషీ ఫైలు చంకలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా మూడోసారి కూడా ఊదాడు.

నేల నుంచి కప్పుదాకా వరసలు వరసలుగా ట్రేలు. గాలి ఆడటానికి వరసకీ వరసకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. ప్రతి ట్రే మీదా కోత కోసిన తేదీ సుద్దతో రాసి ఉంది. ఆయన ఒకదాని ముందు ఆగి, తేదీ చదివి, వేళ్ళమీద లెక్కపెట్టుకుని, ఇది తప్పు రాశారేమో చూడండమ్మా అన్నాడు. ఆవిడ ఆ ట్రేలోంచే ఒక గుత్తి తీసి చేతిలో పెట్టింది. కోసి నలభై రోజులైంది. కాడ ఇంకా పచ్చగానే ఉంది. పండు మీది తెల్లటి పొర కూడా చెదరలేదు. ఆయన ఒక పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, అలాంటి చోట ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. బయట ఎండకి లోకమంతా వాడి వడలిపోతుంటే, ఆ నాలుగు గోడల మధ్య మాత్రం ఇంకా ద్రాక్ష కోసిన పూటే నడుస్తోంది. ఆయన గోడకి అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు. ఈ చలి ఎటునుంచి వస్తుంది, కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది, ఈ పట్టీలు ఎందుకు వేలాడదీశారు అని అడుగుతూనే ఉన్నాడు. అన్నీ తెలిసిన మనిషి కదా, తనని పరీక్షిస్తున్నాడనుకుని ఆవిడ ఒళ్ళు దగ్గరపెట్టుకుని జవాబులు చెప్పింది. తలుపెయ్యండి, చలంతా బయటికొచ్చేస్తోందని అత్తగారు కేకేసేదాకా ఆయన కదల్లేదు.

బయటికొచ్చి ఆయన ఒకసారి చుట్టూ చూశాడు. తర్వాత ఆవిడని ఎదురుగా ఉన్న బీడు నేలలోకి వెళ్ళి నిలబడమన్నాడు. ఎందుకో అర్థంకాకపోయినా ఆవిడ వెళ్ళి నిలబడింది. ఆయన గది గోడకి వీపు ఆనించి ఫోనుతో ఫొటో తీశాడు. ఫొటోలో ఆవిడ, ఆవిడ వెనక ఎకరం బీడు, ఆపైన ఆకాశం. అంతే. ఆ తర్వాత ఫారం తీసి గబగబా నింపాడు. ఆవిడ దగ్గరికొచ్చి పక్కనుంచి తొంగిచూసింది. ‘స్థలం ఖాళీగా ఉన్నది. ఏ నిర్మాణమూ మొదలుపెట్టలేదు. మంజూరు చేయవచ్చును.’

ఆవిడకి సంతోషపడాలో భయపడాలో తెలియలేదు.

“ఇంత గదిని ఎదురుగా పెట్టుకుని లేదని రాస్తే ఎలా సార్? రేపు ఎవరైనా వచ్చి చూస్తే మీ ఉద్యోగం ఏంగాను?”

ఆయన కింద సంతకం పెట్టి, ఆ తెల్లగోడని మరోసారి తడిమి చూశాడు.

“ఎవరూ రారమ్మా. ఇప్పటికి అరవై ఖాళీ స్థలాల్లో గదులున్నాయని రాశాను, ఒక్కరూ వచ్చి చూడలేదు. నిజం గదిని చూడటం నాకూ ఇదే మొదటిసారి.”