వచ్చే నెల చొక్కాలు

యుద్ధం ఏడో ఏట పడేసరికి ఎవరు ఏం తినాలో, ఏం కుట్టాలో అంతా సర్కారు ప్రణాళికే చెబుతోంది. శారదవ్వ ఇంట్లో గోడకు సర్కారు బిగించిన పలక పొద్దున్నే వెలిగి, ఆ రోజు ఆమె కుట్టాల్సిన చొక్కాల సంఖ్య చదువుతుంది. భర్త శ్రీశైలం సరిహద్దుకు వెళ్లినప్పటి నుంచి, రెండేళ్లుగా ఆ ఇంట్లో వినబడే గొంతు అదొక్కటే.

ఆ రోజు బండి అంజయ్య కత్తిరించిన గుడ్డల మూట దించాడు. నలభై చొక్కాలకూ కుడిచేతి గుడ్డ ఉంది, ఎడమచేతిది లేదు.

"మూట తక్కువొచ్చిందన్నా."

"తక్కువ కాదు చెల్లె. చెయ్యి పోయినోళ్లకట. గుడ్డ ఆగం చెయ్యొద్దని అట్లనే కోసిండ్రు."

"అంతమంది వచ్చిండ్రా?"

"ఇంకా ఎవ్వరూ రాలే. ఇవి వచ్చే నెలకు."

అంటే ఆ నలభైమందికీ ఇవాళ రెండు చేతులూ ఉన్నాయి. ఆమె గుడ్డలన్నీ విప్పి కొలతలు చూసింది. శ్రీశైలం కొలతవి ఆరున్నాయి.

ఎదిగే పిల్లల బట్టలకు కుట్టు లోపల గుడ్డ మడిచి వదలడం ఆమె అలవాటు. పెట్టెలోంచి తన చీర తీసి ఆరు ఎడమ చేతులు కత్తిరించింది. ఒక్కొక్కటీ భుజం లోపలికి మడిచి, సులువుగా ఊడేలా వదులు కుట్టు వేసింది.

నాలుగో రోజు సాయంత్రం, కుట్టిన చొక్కాల మూట ఎత్తబోతూ అంజయ్య ఆగాడు. "బరువున్నదేంది చెల్లె?"

"చెయ్యి ఉంటే, కుట్టు విప్పుకుంటడు," అంది శారదవ్వ.