వంకల పెద్దాయన

“ఒంటికి ఆనించుకుని వాయించే గిటార్ కాదండీ. ఒళ్లో పడుకోబెట్టి వాయించేది కావాలి,” అంది ఆమె.

“ఒళ్లో పడుకోబెడితే అదీ నాలాగే గురక పెడుతుందేమో,” అన్నాడు భర్త.

ఆమె మోచేత్తో ఒక్కటి పొడిచింది. గిటార్ల కొట్టాయన నవ్వు ఆపుకున్నాడు.

ఆమెది లాండ్రీ. ఆవిరి ఇస్త్రీ యంత్రం కింద నలిగి ఎడమచేతి రెండు వేళ్లు వంగడం మానేశాయి. వేళ్లు వంగకపోతే తీగలు నొక్కలేరు. పెళ్లికి ముందు నుంచీ వాయిస్తున్న గిటార్ అటకెక్కింది. ఆమె హుషారు కూడా దాంతోపాటే అటకెక్కింది.

ల్యాప్ స్టీల్ గిటార్‌కి తీగలు నొక్కే పనే లేదనీ, వాటి మీద స్టీలు కడ్డీ జారిస్తే చాలనీ ఈమధ్యే తెలిసింది. అప్పటినుంచి ఆమెకు కాలు నిలవడం లేదు.

“చవకలో మంచిది చూపించండి.”

“చవకా కావాలి, మంచిదీ కావాలి. ఆశ గట్టిదే,” అన్నారెవరో.

కిటికీ పక్క స్టూలు మీద ఓ పెద్దాయన. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

కొట్టాయన ఎర్రగా మెరిసిపోయే గిటార్ తీసి, వాయించి చూడమని ఓ కడ్డీ కూడా ఇచ్చాడు.

“శ్రుతి చేసి, కాసేపాగి మళ్లీ మీటమ్మా,” అన్నాడు పెద్దాయన.

మీటింది. శ్రుతి దిగిపోయింది.

“తీగలు బిగించే మరలు వదులుగా ఉన్నాయి. పాట మానేసి అవి బిగించుకుంటూ కూర్చోవాలి.”

కొట్టాయన నీలంది తీశాడు.

“పన్నెండో గీత మీద కడ్డీ ఆనించి మీటు. ఇప్పుడు కడ్డీ తీసి మీటు. రెండూ ఒకే స్వరం రావాలి, పై స్థాయిలో ఒకటి, కింది స్థాయిలో ఒకటి.”

రాలేదు.

“ఆ గీతలు అందానికి గీశారు.”

“ఈయన మీ మనిషేనా?” కొట్టాయన చెవిలో అడిగాడు భర్త.

“నా ఖర్మ,” అన్నాడు కొట్టాయన.

ఆమెకు ఒళ్లు మండింది. కొననిచ్చేలా లేడు ఈ వంకల పెద్దాయన.

“ఇంకేం లేవా?”

కొట్టాయన కాస్త తటపటాయించి, పై అరలోంచి గోధుమరంగు పాత గిటార్ దించి ధర చెప్పాడు.

“అమ్మో, మా వల్ల కాదు,” అంది. అయినా ఒళ్లో పెట్టుకోకుండా ఉండలేకపోయింది.

బొటనవేలూ చూపుడువేలూ కడ్డీని పట్టుకున్నాయి. వంగని వేళ్లు రెండూ కడ్డీ వెనక తీగల మీద తిన్నగా పడుకున్నాయి. అక్కడ అవి అలాగే ఉండాలి.

మీటింది. స్వరం సాగి, జారి, మళ్లీ పైకి లేచింది. ఎప్పటిదో పాట సగం దాకా వచ్చింది. ఆమె పైకే నవ్వేసింది.

భర్త రుమాలు తీశాడు. “దుమ్ము,” అన్నాడు.

ఈసారి పెద్దాయన ఏ వంకా పెట్టలేదు. చాలాసేపు ఆమె వేళ్లనే చూశాడు. తర్వాత లేచి కొట్టాయన మీద పడ్డాడు.

“ఈ డొక్కుదానికి అంత ధరా?”

కొట్టాయన నోరు తెరిచాడు. “మీరేనా ఈ మాటంటున్నది?”

“కళ్లున్నవాడెవడైనా అంటాడు. రంగు పోయింది. అంచు పెచ్చులూడింది. ఎవడో ముసలాడు అరగదీసి వదిలేసిన సరుకు. తగ్గించు.”

కొట్టాయన తగ్గించాడు.

“ఇంకా.”

“ఇంకానా? పెద్దాయనా, ఆలోచించే అంటున్నారా?”

“ఆలోచించే. తగ్గించు.”

ధర దిగి దిగి ఆమె పర్సుకి అందింది.

“ఈయన్ని కూరల బజారుకి పిలుచుకెళ్దామే,” అన్నాడు భర్త.

పెద్దాయన జేబులోంచి నున్నగా అరిగిన కడ్డీ తీసి ఆమెకు ఇచ్చాడు. “జేబుకి బరువు. ఉంచుకో తల్లీ.” ఆ చెయ్యి సన్నగా వణికింది. సంతోషంలో ఆమె గమనించలేదు. థాంక్స్ చెబుదామని తలెత్తేసరికి ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు.

ఆ నెలంతా లాండ్రీకి వచ్చినవాళ్లు పాట వింటూ నిలబడి, బట్టలు అక్కడే మరిచిపోయి వెళ్లారు. వాటిని ఇళ్లకు మోసుకెళ్లి ఇవ్వడం భర్త పనయింది. ఈల వేసుకుంటూ మోశాడు.

కొత్త తీగల కోసం ఆమె మళ్లీ కొట్టుకి వెళ్లింది.

“ఆ వంకల పెద్దాయన ఎక్కడుంటారండీ? ఓసారి ఇంటికి పిలిచి వినిపించాలి.”

“ఊరు మారిపోయారమ్మా. చేతులు వణుకుతున్నాయి, కడ్డీ నిలవడం లేదన్నారు.”

“ఆయనా వాయించేవారా?”

కొట్టాయన తీగల చుట్టను కాగితంలో పెట్టి ఆమెకు అందించాడు.

“మీ గిటార్ ఆయనదేనమ్మా. ధర పైసా కూడా తగ్గించొద్దని మీరు కొన్న రోజు పొద్దున నాతో ఒట్టు వేయించుకున్నదీ ఆయనే.”