ఆపుతానన్న అరుపు

“అదిగో, అత్తగారు మొదలెట్టింది!”

పైలట్ శిక్షణలో ఉన్నవాళ్ళందరూ గొల్లుమన్నారు.

నేలమీదే ఉండి ఎగరడం నేర్పే సిమ్యులేటర్ గదిలో కొత్తగా అమర్చిన హెచ్చరిక యంత్రానికి వాళ్ళు పెట్టిన పేరది. ఎదురుగా కొండ వస్తే “పైకి లేపు!” అని అరవడం దాని పని.

చిక్కల్లా ఒకటే. తెరమీద కొండ ఒకచోట ఉంటే, యంత్రంలోని పటంలో మరోచోట ఉంది. అందుకే ఖాళీ ఆకాశంలోనూ అరిచేది. వినీ విననట్టు విమానాన్ని దించేయడం అందరికీ అలవాటైంది.

దాన్ని అమర్చడానికి వచ్చిన పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు.

శిక్షణకు వచ్చినవాళ్ళలో ఆయన్ని ‘బాబాయ్’ అని పిలిచేది ఒకే ఒక్క అమ్మాయి.

“బాబాయ్, రేపే నా పరీక్ష. ఇదే ఆఖరి అవకాశం, తప్పితే ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందే. రేపొక్కరోజు దాని నోరు మూయించండి.”

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“సరేనమ్మా, ఆపుతాను.”

మర్నాడు తెరనిండా మబ్బు. దిగుతుండగా యంత్రం అరిచింది.

ఆపడం మరిచిపోయాడు కాబోలు అనుకుని, ఆమె దిగుతూనే ఉంది.

తెర ఎర్రబడింది. గది కుదుపుతో ఆగింది.

“కొండను గుద్దావు,” అన్నాడు పరీక్షాధికారి.

వరండాలో ఆయన కనబడగానే ఆమె నిలదీసింది.

“ఆపుతానన్నారు కదా!”

“ఆపుదామనే వచ్చానమ్మా. పొద్దున్నే పటాన్ని సరిచేయడం కుదిరింది. సరిగ్గా పలికేదాన్ని ఆపడానికి చెయ్యి రాలేదు.”

“ఆ ముక్క నాతో చెబితే మీ సొమ్మేం పోయింది?”

“చెబితే నా మాట వినేదానివి. దాని మాట వినడం ఎప్పుడు నేర్చుకుంటావు?”

“చాల్లెండి! నమ్మించి గొంతు కోశారు.”

పైవాళ్ళకు ఫిర్యాదు చేసిందామె. “మాటిచ్చింది నిజమే, తప్పు నాదే. ఆ పిల్లకు మళ్ళీ పరీక్ష పెట్టండి,” అన్నాడాయన.

ఆయన్ని పంపేశారు. సంచీ భుజాన వేసుకుని వెళ్తూ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగితే, ఆమె ఫోన్ చూసుకుంటున్నట్టు తల తిప్పుకుంది.

రెండోసారి పరీక్షలో యంత్రం నోరు తెరిచిందో లేదో, ఆమె చెయ్యి విమానాన్ని పైకి లాగేసింది.

నెగ్గింది.

“చూశారా సార్, ఆ మోసగాడు లేకపోతే ఎంత హాయిగా గట్టెక్కానో!”

శిక్షణ ఇచ్చిన సారు నవ్వలేదు.

“వెళ్ళేముందు ఒక సంగతి చెప్పాడాయన. ఇదివరకు పనిచేసినచోట ఒకమ్మాయి నీలాగే బతిమాలితే ఆపేశాడట. పరీక్ష నెగ్గింది. తర్వాత నిజం విమానంలో అరుపు వినిపిస్తే, ఇదీ ఉత్తుత్తిదేలే అనుకుంది. కొండమీద శకలాలే దొరికాయి.”

“అయ్యో! మరి ఆ ఇంట్లోవాళ్ళకి ఈయన మొహం ఎలా చూపించాడు సార్?”

“ఆ ఇల్లు ఆయనదేనమ్మా, ఆ పిల్ల ఆయన కూతురు.”