గడువు ఐదింటికి

“షికాగో వాళ్లకి జవాబు పంపావా?” కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగింది వెర్నెల్ గాడ్స్‌డెన్.

“ఇంకా లేదండీ,” అంది కార్లిస్, తలుపు దగ్గరగా వేస్తూ.

వెర్నెల్ పెన్ను కింద పెట్టింది. మూడున్నరయింది. గడువు ఐదింటికి.

బానిసత్వం పోయిన కొత్తల్లో నల్లవాళ్ల పిల్లల కోసం సౌత్ కెరొలినాలో వెలసిన చిన్న కాలేజీ అది. అందులో ఉద్యోగ సలహాల గది ముప్పై ఒక్క ఏళ్లుగా వెర్నెల్‌ది. దరఖాస్తులు దిద్దడం, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల కోటు భుజాలు సరిచేయడం, పరీక్షల బెంగతో నిద్ర మానేసినవాళ్లని డాక్టరు దగ్గరికి తరమడం, అన్నీ ఆవిడ పనే. ఇక్కడ చదివి అట్లాంటాలో బ్యాంకు మేనేజర్లయినవాళ్లూ, హ్యూస్టన్‌లో వంతెనలు కడుతున్నవాళ్లూ ఉద్యోగం మారాలంటే ఇప్పటికీ ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు.

ఆ గదికొచ్చే పిల్లలందరిలోనూ ఆఖరి ఏడాది చదువుతున్న కార్లిస్ మేఫీల్డ్ అంటే ఆవిడకి ఓ పిసరు ఎక్కువ ఇష్టం. తండ్రి రొయ్యల పడవ మీద పనిచేస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లే. రెండో ఏడాది లెక్కల పరీక్ష రోజున ఊపిరాడక బాత్రూములో గడియ పెట్టుకుంటే, వెర్నెల్ బయట నేల మీద చతికిలబడి గంటన్నర సేపు మాట్లాడింది. చదువు ఊసే ఎత్తలేదు. తన పెరట్లో బెండకాయలు ఎందుకు ముదిరిపోయాయో, చర్చిలో పాడే డెలోరిస్ పాట ఎక్కడ శ్రుతి తప్పిందో చెప్పుకుంటూ పోయింది. లోపల్నుంచి నవ్వు వినిపించింది. తర్వాత గడియ తీసిన చప్పుడు. మర్నాడు తనే వెంటబెట్టుకుని మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది.

అదే పిల్ల కిందటి వేసవిలో షికాగోలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడు నెలలు పనిచేసి వచ్చింది. చదువయ్యాక మా దగ్గరే చేరమని వాళ్లే ఉత్తరం రాశారు. ఆ రోజు వెర్నెల్ చిలగడదుంపలతో ‘పై’ అనే తీపి వంటకం స్వయంగా చేసి తెచ్చి కనబడ్డవాళ్లందరికీ పెట్టింది.

కానీ నెల రోజులుగా కార్లిస్ వరస ఆవిడకి అంతుబట్టడం లేదు. షికాగో మాటెత్తితే తప్పించుకుంటుంది. రోజూ వచ్చి ఆ గదిలోనే కూర్చుని, కొత్తగా చేరిన పిల్లలతో గంటలు గంటలు కబుర్లు చెబుతుంది. ఏడుస్తూ వచ్చినవాళ్లని ముందు ఏం అడుగుతారని మొన్న ఆవిడనే ప్రశ్నించింది. పాత భయం మళ్లీ తలెత్తిందేమోనని వెర్నెల్‌కి దిగులు పట్టుకుంది. జూన్‌లో ఆవిడ రిటైరవుతోంది. ఇంకో ఏడాది ఉండమని పైవాళ్లు బతిమాలుతున్నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. వెళ్లేలోపు ఈ పిల్లని షికాగో విమానం ఎక్కించాలన్నది ఒక్కటే ఆవిడ పట్టుదల.

“నాకు సోమవారం ఇంకో చోట ఇంటర్వ్యూ ఉందండీ,” అంది కార్లిస్ ఎదుటి కుర్చీలో కూర్చుంటూ. “ఒక్కసారి నన్ను గట్టిగా ప్రశ్నలడగండి. ఎక్కడా అని మాత్రం ఇప్పుడే అడక్కండి.”

వెర్నెల్‌కి కోపం వచ్చింది. అయినా అడిగిన పిల్లని కాదనడం ఆవిడకి చేతకాదు. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టింది. చదువు గురించి అడిగింది, చేసిన పొరపాట్ల గురించి అడిగింది. కార్లిస్ తడుముకోకుండా చెప్పింది.

“ఇంతవరకూ చేసినవాటిలో నీకు గర్వంగా అనిపించిందేమిటి?”

కార్లిస్ ముందుకు వంగి చెప్పింది. మొన్న మంగళవారం మొదటి ఏడాది పిల్ల ఒకతి పరీక్షకి వెళ్లనని మెట్ల మీద కూలబడిందట. తను పక్కన కూర్చుని ఏవో కబుర్లు చెప్పిందట. పది నిమిషాల్లో ఆ పిల్ల కళ్లు తుడుచుకుని వెళ్లి పరీక్ష రాసిందట.

“షికాగోలో మూడు నెలలు నేను రాసిన ప్రోగ్రాములేవీ నాకంత గర్వాన్నివ్వలేదండీ.”

ఏ ఆసుపత్రిలోనో ఉద్యోగం అయ్యుంటుందని వెర్నెల్ ఊహించుకుంది. అయినా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది.

“షికాగో అంటే భయమేసి వెనక్కి తగ్గుతున్నావా? నాకు నిజం చెప్పు తల్లీ.”

“భయమే అయితే షికాగోకే పోయేదాన్ని. అక్కడి పని నాకొచ్చు, వాళ్లు నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ గదిలో నలభై మందిమి, అందులో నల్లపిల్లని నేనొక్కదాన్నే. మిగతా నల్లపిల్లలు రానిది తెలివి లేక కాదు కదా, అక్కడిదాకా నడిపించే మనిషి లేక. ఆ నడిపించే పని నాకు కావాలి. అది కష్టమని తెలిసే అడుగుతున్నాను.”

ఆ గొంతులో వణుకు లేదు. ఒకప్పుడు గడియ వెనక వెక్కిళ్లు పెట్టిన గొంతేనా ఇది అనిపించింది వెర్నెల్‌కి. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ముప్పై ఒక్క ఏళ్లలో ఇలాంటి జవాబు వినలేదు. నేనే ఆ ఇంటర్వ్యూ చేసే కమిటీలో ఉంటే ఇక్కడికిక్కడే సంతకం పెట్టేదాన్ని.”

“నిజంగానా అండీ?”

“ముఖప్రీతి మాటలు నాకు రావని నీకు తెలుసుగా.”

కార్లిస్ ఫోన్ తీసి, షికాగో వాళ్లకి మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి పంపేసింది. నాలుగు ఇరవై అయింది. షికాగో విమానం చేజారిందని వెర్నెల్‌కి ఒక్క క్షణం బాధేసింది. అయినా సర్దుకుని నవ్వింది.

“ఇంతకీ ఏ ఉద్యోగమే అది?”

“మీదేనండీ.”