సెలవు చీటీ మీది సంతకం

“బాబూ, వీరాంజనేయులు కేసు ఏ గదిలోనో తెలుసా?”

లేబర్ కోర్టు మెట్ల మీద కూర్చున్న వీరాంజనేయులు ఉలిక్కిపడ్డాడు.

అడిగింది ఒక పెద్దాయన. అరవై దగ్గర పడి ఉంటాయి. కాళ్ళకు రబ్బరు చెప్పులు, చంకలో గుడ్డసంచీ.

గుర్‌గావ్‌లో తెలుగు మాట చెవిన పడితే సంతోషించాల్సిందే. కానీ కేసు నడిపే యూనియన్ మనిషి సదాశివరావు ముందే చెప్పాడు.

“కంపెనీవాళ్ళు మనుషుల్ని పంపుతారు. నీతో మాట కలపాలంటే మన భాషవాణ్ణే పంపుతారు. ఎవరడిగినా నోరు విప్పకు.”

వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. “తెలీదండీ.”

“ఇందాక ఇంకొకాయనతో తెలుగులో మాట్లాడుతుంటే విన్నాలే. ఆ అబ్బాయివి నువ్వేనేమో అనుకున్నా.”

“నేను కాదు.”

పెద్దాయన చేత్తో మెట్టు తుడుచుకుని పక్కనే కూర్చున్నాడు.

వీరాంజనేయులు కళ్ళు గేటు మీదే ఉన్నాయి. ఏ కారు ఆగినా లేచి నిలబడుతున్నాడు. ఆ కార్లలో ఒకదాంట్లోంచి హెడ్డాఫీసు ఆఫీసరు దిగాలి.

కిందటేడు భార్య సీతకు గుండె ఆపరేషన్ తేదీ దొరికింది. పధ్నాలుగు నెలలు తిరిగితే దొరికిన తేదీ. నాలుగు రోజుల సెలవు చీటీ హెడ్డాఫీసుకు వెళ్ళి, ఆ ఆఫీసరు సంతకంతో తిరిగొచ్చింది.

తీరా ముందురోజు, ఎక్స్‌పోర్టు ఆర్డరు ఉంది, సెలవు రద్దు అన్నారు. మిషను దగ్గర నిలబడమన్నారు.

నిలబడలేదు. ఆస్పత్రికి వెళ్ళాడు.

అయిదో రోజు వెళితే ఫ్యాక్టరీ గేట్లోకి రానివ్వలేదు. అసలు సెలవే ఇవ్వలేదన్నారు. చీటీ మీద సంతకం దొంగ సంతకమన్నారు.

‘నాదే’ అని ఆ ఆఫీసరు ఒక్క మాట అంటే చాలు. వీరాంజనేయులు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. కోటూ టై ఉంటాయని మాత్రం అనుకున్నాడు. సమన్లు వెళ్ళినా రెండు వాయిదాలకు ఆయన రాలేదు. ఇవాళ ఆఖరిది.

ఉద్యోగంతోపాటు ఇ.ఎస్.ఐ. కార్డూ పోయింది. సీత మందులు ఆ కార్డు మీదే వచ్చేవి. ఇప్పుడు రోజు విడిచి రోజు వేసుకుంటోంది. అతనికి తెలియదనుకుంటోంది.

“అతని భార్యకు ఆపరేషన్ అయిందా?” పెద్దాయన అడిగాడు.

వీరాంజనేయులు గేటు మీంచి చూపు ఇటు తిప్పాడు.

“ఎవరి భార్యకి?”

“ఆ వీరాంజనేయులు భార్యకి. ఎలా ఉందావిడ?”

పోయిన వారం ఇద్దరు తాముండే గది దగ్గరకొచ్చి ఇదే అడిగారు. “ఘర్‌వాలీ ఎలా ఉంది?” అని నవ్వి వెళ్ళిపోయారు. సీత ఆ రోజంతా తలుపు తీయలేదు.

“మీకెందుకండీ ఆవిడ సంగతి?”

“ఊరికే. బాగుందని తెలిస్తే బాగుండునని.”

ఆఫీసరు వచ్చే వేళైంది. ఈయన ఇక్కడే ఉంటే ఆయన్ని కూడా బెదిరిస్తాడు. ఎలాగైనా పంపించెయ్యాలి.

“ఆ కేసు ఇవాళ లేదండీ. వచ్చే నెలకి వాయిదా పడింది.”

“అదేమిటి, ఇవాళేనన్నారే!”

“జడ్జిగారు సెలవు.”

పెద్దాయన నవ్వాడు. “పోనీలే, ఆయనకైనా దొరికింది.”

కాసేపు సంచీ సర్దుకున్నాడు. లేవలేదు.

“నిజమేనా బాబూ? మూడు బస్సులు మారి వచ్చాను. రేపు మా ఊరికి రైలు. ఢిల్లీలో నాకిక పనేం లేదు. మళ్ళీ రావడమంటే కుదరదు.”

“నిజమేనండీ.” నేల చూస్తూ అన్నాడు.

పెద్దాయన మోకాలు పట్టుకుని లేచాడు. గేటు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. బస్సెక్కాడు.

బస్సు కదిలాకే వీరాంజనేయులుకు ఊపిరాడింది.

లోపల్నుంచి సదాశివరావు పరుగున వచ్చాడు. “పదపద, మన నంబరే! ఆఫీసరు వచ్చాడా?”

“ఏ కార్లోంచీ దిగలేదన్నా.”

బంట్రోతు గుమ్మంలో నిలబడి కేకేశాడు. “గవాహ్ హాజిర్ హై?”

సాక్షి హాజరా అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారి వీరాంజనేయులు కూడా వరండా చివరి దాకా వెళ్ళి చూసొచ్చాడు.

జడ్జిగారు ఫైలు మూశారు. “చివరి అవకాశం కూడా ఇచ్చాం. సాక్ష్యం ముగిసింది.”

సదాశివరావు ఏదో చెప్పబోయాడు. బంట్రోతు అప్పటికే తర్వాతి నంబరు పిలుస్తున్నాడు.

వరండాలో స్తంభం అవతల కంపెనీ మేనేజరు, వాళ్ళ వకీలు హిందీలో మాట్లాడుకుంటున్నారు. వీరాంజనేయులు అక్కడ ఉన్నాడన్న పట్టింపు వాళ్ళకు లేదు. పదకొండేళ్ళుగా వింటున్న హిందీ, ఒక్క మాటా పొల్లుపోలేదు.

“రెండు సమన్లు ఆఫీసు నుంచే తిప్పి పంపాం. మూడోది ఎలాగో ఆయన ఇంటికి చేరింది. పొద్దున గేట్లో ఆ గుడ్డసంచీ చూసి నా ప్రాణం పోయిందనుకోండి, వకీల్ సాబ్.”

“మరి లోపలికి రాలేదేం?”

“పతా నహీ. ఎవడో మహానుభావుడు ఏం చెప్పాడో, వచ్చిన దారినే బస్సెక్కి పోయాడు.”

“అయినా ఆఫీసరై ఉండి, కంపెనీకి ఎదురు సాక్ష్యం చెప్పడానికి రావడమేమిటి?”

మేనేజరు నవ్వాడు.

“ఎక్కడి ఆఫీసరు సాబ్? ఇచ్చిన సెలవు వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం పెట్టనన్నాడు కదా, వీడికంటే నాలుగు రోజుల ముందే ఆ బసవపున్నయ్యనూ ఉద్యోగంలోంచి తీసేశాం.”