మూరెడు మల్లెలు

హిందీ మాట్లాడే ఊళ్లో ఓ మాల్. అందులో పిల్లలకు పాలిచ్చే గదికి దాలమ్మ కాపలా. గది తుడవాలి, ఒళ్లో బిడ్డ లేనివాళ్లను లోపలికి పోనివ్వకూడదు.

మధ్యాహ్నం చీరల షాపు యూనిఫాంలో పద్మశ్రీ వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. చేతిలో మూరెడు మల్లెదండ ఉంది.

"దో మినిట్, పిన్నీ."

పిన్నీ అనేసరికి తెలుగుపిల్లేనని తెలిసింది. అయినా దాలమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"పూలెట్టుకోడానికి బాత్రూంలో అద్దం లేదేటి? ఇది బిడ్డల తల్లుల గది. నీ బిడ్డేదీ?"

పద్మశ్రీ వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. జాకెట్టు ముందు రెండు తడి మరకలు పెద్దవవుతున్నాయి.

"పూలు తల్లోకి కాదు, పిన్నీ. పాలు ఇగిరిపోవాలంటే రొమ్ములకి మల్లెలు కట్టుకోమంది మాయమ్మ. బాబు పోయి పదిరోజులైంది. బిడ్డే లేనప్పుడు సెలవెందుకని షాపోళ్లు రమ్మన్నారు."

దాలమ్మ చీపురు పక్కన పడేసి, ఆమెను లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. గోడ మీద తల్లీబిడ్డల బొమ్మ ఉంది. అది పద్మశ్రీకి కనబడకుండా అడ్డంగా నిలబడి, దండ కొసలకున్న పొడుగు దారాలు వీపు చుట్టూ తిప్పి, తన చేతులతోనే కట్టింది.

"ఎన్నాళ్లు కట్టాలి, పిన్నీ?"

"మూడ్రోజులంటారు," అంది దాలమ్మ, వెనక ముడి బిగిస్తూ. "నాకు తొమ్మిది పట్టిందమ్మా."